బొమ్మ యొకటి వలయు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెదకు సీమ. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి ఆయన. ఆ రెండు నియమాల్లో మొదటిదాన్ని ఈ వ్యాఖ్యాత శిరసావహిస్తున్నాడు. రెండోదాన్ని పాటిస్తే పత్రికలు నిండవు.

వ్యాఖ్యానించబోయే గ్రంథం ఒకే ఒక్క పద్యం. తాటాకుల్లో దొరికింది కాదు, వాట్సాప్‌లో వచ్చిందనుకోండి. కవి అనంతపురం సాయినగర్‌లో మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుని, డిజిటల్ యాక్సెసిబిలిటీలో శిక్షణ ఇచ్చే సంస్థ పెట్టిన ఒక ఆసామి. ఆసామి కల్పితుడే గానీ ఆర్డరు కల్పితం కాదు. ఇలాంటి ఆర్డరు ఒక్కటైనా అందుకోని డిజైనరు ఈ తెలుగుదేశంలో ఉంటే వచ్చి వ్యాఖ్యాతను నిలదీయవచ్చు.

ఆ విద్య ఏమిటంటే: వెబ్‌సైటూ యాపూ చూపులేనివాళ్ళకీ, వినపడనివాళ్ళకీ, మౌసు పట్టుకోలేనివాళ్ళకీ, చదివింది ఒక పట్టాన ఎక్కనివాళ్ళకీ కూడా పనికొచ్చేలా కట్టడం. నేర్చుకునేది సాఫ్ట్‌వేర్ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, ప్రభుత్వ సైట్లు చూసుకునేవాళ్ళు. ఆ సంస్థకు ముఖంగా ఒక బొమ్మ కావాలట. ఇక వినండి.

మూలము

బొమ్మ యొకటి వలయు, బుద్ధిగా నుండాలి,
చూడలేని వాడు చూడవలయు,
ఖర్చు తక్కువగుచు గౌరవం బుండాలి,
సోమవార మిస్తె సొమ్ము లిత్తు.

ఛందస్సు: ఆటవెలది. వేమన్న సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలోనే ఉంది కాబట్టి ఈ సీమలో ఆర్డరిచ్చేవాడికి కూడా ఆటవెలది నోటికి రావడంలో వింత లేదు. "బొ"కు "బు", "చూ"కు "చూ", "ఖ"కు "గౌ", "సో"కు "సొ" యతులు నాలుగూ నిలిచాయి. "వలయు" అని గ్రాంథికంలో ఎత్తుకుని, "ఉండాలి" అని వాడుకలోకి దిగి, "ఇస్తె" అని నడిబజారులోకి వచ్చాడే అని ఆక్షేపించవద్దు. పని చెప్పేవాడి గొంతు మొదట మర్యాదగా ఉండి, గడువు దగ్గరకొచ్చేసరికి అలాగే మారుతుంది.

పాఠాంతరం: డిజైనర్ల దగ్గరున్న ప్రతుల్లో రెండో పాదం "చూచినట్టి వాడు చెప్పవలయు" అని కనిపిస్తోంది. "చూ"కు "చె"తో యతి చెల్లదు. ప్రక్షిప్తమని తోసేస్తున్నాం.

మొదటి పాదం

బొమ్మ = సంస్థకు ముఖంగా నిలిచే ఆకారం, మస్కట్; ఒకటి = ఒకే ఒక్కటి (మూడు నమూనాలు చూపాక నాలుగోది అడిగే హక్కు కవికి ఉందని వ్యంగ్యం); వలయు = కావాలి (ఎందుకని అడగరాదని ధ్వని); బుద్ధిగా = ఒద్దికగా; ఉండాలి = స్పష్టం.

అడగరాదన్నా అడగాల్సిందే. మన దేశంలో ఇలాంటి బొమ్మలకు మంచి వంశమే ఉంది. 1946లో బాబీ కూకా ఊహించగా ఉమేశ్ రావు గీసిన ఎయిరిండియా మహారాజా వంగి నమస్కారం పెట్టాడు. 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు, చేతిలో కుంచే రంగుడబ్బాతో ఏషియన్ పెయింట్స్ డబ్బాలెక్కాడు. 2002 ఏప్రిల్ 16న, రైలు పండగకు, పచ్చదీపం లాంతరు పట్టుకుని భోలూ ఏనుగు దిగింది. ముగ్గురూ ముద్దొచ్చేవాళ్ళే. కానీ ముగ్గురూ మాట్లాడేది కంటితోనే. మహారాజా మీసం ఏ చెవికీ వినపడదు. విమానం టికెట్లమ్మే కంపెనీకి అది లోటు కాకపోవచ్చు. ఈ సాయినగర్ ఆసామి మాత్రం అమ్ముతున్నది ఆ లోటుకు మందే. మందుల షాపువాడు తనే దగ్గుతూ కూర్చుంటే ఎవరు కొంటారు?

ఇక ఏ బొమ్మ అన్నది. అనంతపురంలో ఈ ప్రశ్న వేస్తే పదిమందిలో ఎనిమిదిమంది లేపాక్షి నంది అంటారు. (లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. గుండెల్లో మాత్రం ఇంకా జిల్లా చీలలేదు.) ఒకే రాతిలో మలిచిన ఆ నంది ఇరవయ్యేడు అడుగుల పొడవు, పదిహేను అడుగుల ఎత్తు. బ్రౌజరు ట్యాబ్‌లో సంస్థ బొమ్మకు దొరికే స్థలం పదహారు పిక్సెళ్ళ చదరం. అందులో కూర్చోబెడితే విజయనగర శిల్పుల పనితనమంతా ఉడకేసిన బంగాళాదుంప అవుతుంది. నంది వద్దు. పెద్దవాటిని పెద్దగానే ఉండనివ్వాలి.

రెండో మతం చెనక్కాయ. ఒక పొట్టులో రెండు గింజలు, చూపున్నవాడూ లేనివాడూ కలిసి బతకడానికి గుర్తట. ఊహ బాగుంది. అయితే రంగు సంగతి చూడాలి. వెబ్ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, అర్థం చెప్పే బొమ్మ గీతలకు 3కి 1. తెలుపు మీద నలుపు 21కి 1. తెలుపు మీద అచ్చమైన ఎరుపు 4 దగ్గరే ఆగిపోతుంది, చిన్న అక్షరాలకు చాలదు. తెలుపు మీద పసుపు 1.07, అంటే పెళ్ళి శుభలేఖలు చూపు బాగున్నవాళ్ళు కూడా తడుముకుంటూ చదివే రంగు. చెనక్కాయ పొట్టును మన ఎర్రమట్టి రంగు మీద పెడితే 3 అందుకోవడమే గగనం. రంగు మార్చుకోవచ్చు కదా అంటారు. రంగు మారుతుంది సరే, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేసే ఊళ్ళలో, పళ్ళికిలించి నవ్వే చెనక్కాయ బొమ్మను చూసి ఏ రైతుబిడ్డా నవ్వడు. ఈ మతం ఇంతటితో ఖండితం.

మూడోది జటాయువు. రెక్క తెగిన పక్షిని రాముడు లెమ్మన్నాడని లేపాక్షి కథ. అంగవైకల్యం, ఆదుకునే చెయ్యి, రెండూ ఒకే బొమ్మలో వస్తాయి కదా అని ఈ మతంవారి వాదం. సరిగ్గా అందుకే వద్దు. రాముడు వచ్చేదాకా పడి ఉండే పక్షి దయకు గుర్తు. ఈ సంస్థ దయ నేర్పదు, పని నేర్పుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఇది లెమ్మనడం కాదు, అడ్డం తియ్యమనడం.

బుద్ధిగా అన్నదానికి కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ మాట ఆసామి ఆలోచించకుండా వేసి ఉంటాడు గానీ లోపల పెద్ద శాస్త్రం ఉంది. బొమ్మ ఊరికే ఉండకూడదని ప్రతి డిజైనరుకూ దురద. కన్ను కొట్టిస్తాడు, గెంతిస్తాడు, మెరిపిస్తాడు. 1997 డిసెంబరు 16 సాయంత్రం జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ వస్తుండగా, తెర మీద ఎరుపూ నీలమూ సెకనుకు పన్నెండుసార్లు దాకా మార్చి మార్చి మెరిశాయి. 685 మందిని ఆసుపత్రులకు తీసుకెళ్ళారు, ఎక్కువగా పిల్లలు. తెర మీద ఏదీ సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువ మెరవరాదని వెబ్ మార్గదర్శకాలు చెప్పేది ఇలాంటి ముప్పు తెలిసే. తనంతట తానే కదులుతూ అయిదు సెకన్లు దాటే బొమ్మకైతే ఆపే మీట ఉండి తీరాలి. పక్కన ఏదో ఎగురుతుంటే చదువు మీద మనసు నిలవనివాళ్ళు చాలామంది. వాళ్ళలో వైకల్యం లేనివాళ్ళూ ఉంటారు, పరీక్ష ముందు రోజు ప్రతివాడూ ఉంటాడు.

బుద్ధిలో ఇంకో పొర ఊరుకోవడం. ఆఫీస్ 97లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఒక కాగితం క్లిప్పుకు కళ్ళు పెట్టి వదిలారు. ఉత్తరం మొదలుపెడితే చాలు, "ఉత్తరం రాస్తున్నట్టున్నారే, సాయం చేయనా?" అని పిలవని పేరంటంగా వచ్చేది. లోకం విసిగి వేసారిపోయింది. ఆఫీస్ 2007 నాటికి దాన్ని పూర్తిగా తీసేశారు. చూసేవాడికే అంత విసుగైతే, పేజీ మారినప్పుడల్లా "సంస్థ బొమ్మ, సంస్థ బొమ్మ" అని చెవిలో పడేవాడి గతి ఏమిటి? అందుకే అలంకారానికి మాత్రమే పెట్టిన బొమ్మకు వివరణ గడిని కావాలనే ఖాళీగా వదలాలని శాస్త్రం. తెర మీది రాతను పైకి చదివే స్క్రీన్ రీడర్ దాన్ని దాటేస్తుంది (ఈ గడీ రీడరూ ఏమిటో రెండో పాదంలో వస్తుంది). మొదటి పేజీలో పరిచయం చేసుకుని, తర్వాత పిలిస్తేనే పలకడం: ఇదీ బుద్ధి.

రెండో పాదం

చూడలేని = చూపు లేని, చూపు తగ్గిన; వాడు = వాడుకరి (ఆమె కూడా; గురులఘువుల ఇరుకులో ఏకవచనం వచ్చింది గానీ కవికి అగౌరవం ఉద్దేశం కాదని నమ్ముదాం); చూడవలయు = చూడాలి.

అలంకారం విరోధాభాసం. చూడలేనివాడు చూడడమేమిటని మొదట విరోధం తోస్తుంది, ఆలోచిస్తే పోతుంది. ఎట్లా పోతుందన్నదే ఈ వ్యాఖ్యకు ప్రాణం.

ముందుగా, "చూడలేని" అన్నది ఉపలక్షణం. కాకుల నుంచి పెరుగు కాపాడమని చెప్పి పోతే, పిల్లి వచ్చినప్పుడు చూస్తూ కూర్చోమని కాదు కదా. అట్లే చూపులేనివాళ్ళ పేరు చెప్పి కవి అందరినీ ఉద్దేశించాడు. 2016 చట్టం లెక్కకు తీసుకున్న వైకల్యాలు 21. వినపడనివాళ్ళ సంగతే తీసుకోండి. బొమ్మ చేతులతో సైగభాషలో నమస్కారం చెప్పాలనుకుంటే దానికి అయిదు వేళ్ళు ఉండాలి. కార్టూన్ బొమ్మలకు మిక్కీమౌస్ కాలం నుంచీ నాలుగు వేళ్ళతో సరిపెట్టడం అలవాటు. గీతకు సుఖం, సైగకు కష్టం. పైగా సైగభాషలో ముఖం కూడా వ్యాకరణమే, కనుబొమ పైకి లేవడంతో వాక్యం ప్రశ్నగా మారిపోతుంది. కనుబొమలు లేని గుండ్రటి నవ్వుమొహం వాళ్ళ దగ్గర నత్తివాడే.

ఇప్పుడు పూర్వపక్షం. "చూపులేనివాడికి బొమ్మతో పనేమిటి? అతనికి కావలసింది పాఠం. బొమ్మ చూసేవాళ్ళ కోసం. ఈ పాదం ఉత్త ప్రగల్భం."

సమాధానం. ఈ వాదన చాలా బలంగా కనిపిస్తుంది, నిజానికి చాలా పాతది కూడా. బ్యాంకుల యాప్‌లు కట్టినవాళ్ళూ ఇదే అనుకున్నారు. ఖాతా తెరవడానికి కెమెరా ముందు కన్నార్పమని అడిగే యాప్‌లు వచ్చాయి, బతికున్న మనిషేనని తేల్చుకోవడానికి. యాసిడ్ దాడిలో రెప్పలు కోల్పోయినవాళ్ళు కన్నెట్లా ఆర్పాలి? చూపులేని మనిషి తెర మధ్యలో ముఖం ఎక్కడుందో ఎట్లా తెలుసుకోవాలి? వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తేల్చి, ఇరవై ఆదేశాలిచ్చింది. "వీళ్ళకు దీంతో పనేమిటి" అని ఎవరో ఒక గదిలో కూర్చుని అనుకున్న ప్రతిసారీ ఇట్లాంటి తలుపొకటి మూసుకుంటుంది. బొమ్మ చిన్న తలుపే. కానీ ఈ సంస్థకు అదే వీధి తలుపు.

కాబట్టి చూడాలి. ఎట్లా? చూపులేనివాళ్ళ కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీదున్న రాతను పైకి చదువుతుంది. అందులో బాగా వాడుకలో ఉన్న ఎన్‌వీడీఏను 2006లో మైఖేల్ కర్రన్ అనే ఆస్ట్రేలియన్ మొదలుపెట్టాడు, తన దేశంవాడే అయిన జేమ్స్ టేతో కలిసి ఉచితంగా పంచాడు. ఇద్దరూ చూపులేనివాళ్ళే. ఈ సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా చదువుతుంది, పేజీ తెలుగులో ఉందని కట్టినవాడు లోపల ఒక ముక్క రాసి ఉంటే. రాయకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాల ముందు తడబడుతుంది, లేదా మింగేస్తుంది. బొమ్మ దగ్గరకు వచ్చేసరికి దానికి చదవడానికి ఏమీ ఉండదు. బొమ్మ వెనక ఒక గడి ఉంటుంది. ఆల్ట్ టెక్స్ట్ అంటారు. అందులో మనిషి రాసి పెట్టింది చదువుతుంది. రాయకపోతే మహా అయితే "గ్రాఫిక్" అనేసి పోతుంది. బొమ్మను లింకుగా పెట్టి గడి మరిచిపోతే చాలాసార్లు ఫైలు పేరే చదివేస్తుంది. అప్పుడు మన డిజైనరు రహస్యాలన్నీ బయటపడతాయి: "ఫైనల్ అండర్‌స్కోర్ ఫైనల్ అండర్‌స్కోర్ సార్ చెప్పిన మార్పు అండర్‌స్కోర్ టూ డాట్ పీఎన్‌జీ."

ఇక్కడ వ్యాఖ్యాత గొంతు సవరించుకోవాలి. ఆ గడిలో రాసేది ఏమిటి? మూలం ఒకటి ఉంది. దాన్ని నేరుగా అందుకోలేని పాఠకుడు ఉన్నాడు. మధ్యలో ఒకడు కూర్చుని, ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకుని, తక్కువ మాటల్లో దాన్ని అతని చేతికి అందిస్తాడు. దీనికి మన ఊళ్ళల్లో టీక అని పేరు. రఘువంశం టీక లేకుండా కొరుకుడు పడని తెలుగువాణ్ణి ఎవరూ వికలాంగుడనలేదు. తరతరాలుగా మల్లినాథుడి చెయ్యి పట్టుకునే కాళిదాసు గడప దాటాం, అదేమీ తక్కువ చదువు కాదని చెప్పుకున్నాం కూడా. చూపులేనివాడు బొమ్మకు టీక అడిగితే మాత్రం అది ప్రత్యేక సౌకర్యం అయిపోతుంది, సేవ అయిపోతుంది, ఫొటో దిగి పేపర్లో వేసుకునే సందర్భం అయిపోతుంది. ఇందులో న్యాయమేమిటో వ్యాఖ్యాతకు అర్థం కాలేదు.

కాబట్టి, తోసేసిన పాఠాంతరాన్ని మర్యాదగా పిలిచి కూర్చోబెట్టవలసి వస్తోంది. "చూచినట్టి వాడు చెప్పవలయు." యతి చెడింది. అయినా కవి హృదయం అందులోనే ఉంది. లాక్షణికులు క్షమించాలి, యతిభంగం కంటే అర్థభంగం పెద్ద దోషం.

అంతే కాదు. చెప్పడం తర్వాత, గీయడం ముందు అనుకుంటారు అందరూ. ఈ సంస్థ విషయంలో తిరగేయాలి. ముందు నాలుగు వాక్యాల్లో బొమ్మను చెప్పాలి. ఆ నాలుగు వాక్యాలు విన్నవాడికి ఆ బొమ్మ కళ్ళకు కట్టాలి, లేదా చెవులకు కట్టాలి. అప్పుడు డిజైనరు గీయాలి. అంటే రాత మూలం, గీత దానికి టీక.

అట్లాంటి బొమ్మ కొత్తగా పుట్టనక్కరలేదు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఉంది.

నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మేకతోలును గీకి గీకి వెలుగు దూరేంత పల్చన చేస్తారు. ఆరిన తోలు మీద బొమ్మ గీసుకుని, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు: గుండ్రటివి, చుక్కలాంటివి, ఆకులాంటివి. నగలూ చీర అంచులూ అంతా రంధ్రాలే. రంగులద్ది, భుజం దగ్గరా మోచేతి దగ్గరా ముక్కల్ని దారంతో కడతారు, చెయ్యి ఆడడానికి. తెర వెనక దీపం పెడితే రంధ్రాల్లోంచి వెలుగు నగలై మెరుస్తుంది. ఇదంతా చూసేవాళ్ళకు. అదే బొమ్మను చూపులేని పిల్ల చేతికిచ్చి చూడండి. వేలు అంచు వెంబడి పోతుంది, రంధ్రాల వరస మీద ఆగుతుంది, ఇది వడ్డాణం, ఇది జడ అని గుర్తుపడుతుంది. కంటికి మెరుపైన రంధ్రమే వేలికి అక్షరమవుతుంది.

తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఎంతసేపు యుద్ధం చేసినా, జనం ఎదురుచూసేది నవ్వించే కేతిగాడి కోసం. కథ మధ్యలో చెప్పాపెట్టకుండా దూరతాడు. తోటి హాస్యపాత్ర బంగారక్కతో తగువు పెట్టుకుంటాడు. ఊళ్ళో పెద్దరెడ్డిని కూడా వదలడు. జుట్టుపోలిగాడు వచ్చి కలిస్తే ఇక రాముడు కాసేపు ఆగాల్సిందే. ఇప్పుడు అసలు సంగతి: కేతిగాడు బొమ్మగా చిన్నవాడు, మోటువాడు. రావణుడి పదితలల పనితనంలో పదోవంతు ఉండదు. వాడు బతికేది గొంతులో. తెర వెనక నిలబడి కళాకారుడు మారుగొంతు పెట్టి, కాళ్ళ కింద చెక్క దబదబా తొక్కుతుంటే, వెనక వరసలో తెర సరిగ్గా కనపడనివాడికీ, అసలు చూపే లేనివాడికీ కేతిగాడు సమానంగా అందుతాడు. తెలుగుదేశంలో చెవితో చూసిన మొదటి మస్కట్ వాడే.

కాబట్టి కేతిగాడే బొమ్మ. బంగారక్క లేకుండా వాడొక్కడే వస్తే ఒప్పుకోవద్దు. పాఠాలు చెప్పేటప్పుడు తెలివైన సమాధానాలు ఆమెవే కావాలి. వాడి బూతులు మాత్రం నిమ్మలకుంటలోనే వదిలి రావాలి, శిక్షణకు బ్యాంకు మేనేజర్లు వస్తారు.

గడిలో రాయవలసిన టీక ఇట్లా ఉండవచ్చు: "కేతిగాడు: నల్లటి తోలుబొమ్మ. పొట్ట ముందు, మనిషి వెనక. కుడిచేతి అయిదు వేళ్ళూ చాచి, 'నాకేమప్పా కనపడలే, చెప్పు' అని అడుగుతున్నాడు." ఇంతే. కేతిగాడి గోచీ రంగు, వెనకున్న మేఘం ఆకారం అక్కరలేదు. అక్కర్లేనిది చెప్పననే మల్లినాథుడి రెండో నియమం ఇక్కడ తప్పనిసరి అయింది. సంపాదకుడి దగ్గర కుదరకపోయినా స్క్రీన్ రీడర్ దగ్గర కుదరాలి, వినేవాడి చెవి హోరెత్తకూడదు.

మూడో పాదం

ఖర్చు = వ్యయం; తక్కువగుచు = తగ్గుతూ (వర్తమానార్థం; అంటే ఇంకా తగ్గుతూనే ఉంటుందని ధ్వని); గౌరవంబు = మర్యాద; ఉండాలి = మళ్ళీ స్పష్టం.

ఖర్చు విషయంలో మన సీమకు ఒక భయంకరమైన దృష్టాంతం ఉంది. లేపాక్షి గుడి కట్టిన విరూపణ్ణ విజయనగర రాజు కొలువులో కోశాధికారి. రాజు ఊళ్ళో లేనప్పుడు ఖజానా సొమ్ము గుడికి పెట్టేశాడని నేరం మోపారట. కళ్ళు తీయించమని ఆజ్ఞ వస్తుందని తెలిసి తనే పీక్కుని గోడకేసి కొట్టాడట. ఆ ఎర్రటి మచ్చలు ఇవిగో అని ఇప్పటికీ చూపిస్తారు. ముందు ఎస్టిమేటు రాసి సంతకం తీసుకోవాలని డిజైనరుకు ఇంతకంటే గట్టిగా చెప్పేవాళ్ళు లేరు.

గౌరవం సంగతి వేరు. చక్రాల కుర్చీ గుర్తును 1968లో గీసింది సుసానె కేఫోయెడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని. అందులో కుర్చీ ఉంది గానీ మనిషికి తల లేదు. మరుసటి ఏడు కార్ల్ మోంటన్ పైన ఒక గుండ్రం పెట్టాడు, అది తల అయింది. ఇవాళ ప్రపంచమంతా ఆసుపత్రుల్లో, రైల్వేస్టేషన్లలో చూస్తున్నది దాన్నే. కుర్చీ తర్వాత తల గుర్తొచ్చిందన్నమాట. 1992 బార్సిలోనా పారాలింపిక్స్‌కు హవియెర్ మరిస్కల్ గీసిన పెట్రాకు చేతులు లేవు, అయినా నవ్వుతూ దూసుకుపోయింది. 2024 పారిస్ పారాలింపిక్ ఫ్రీజ్ బొమ్మకు ఒక కాలి బదులు పరుగు బ్లేడు. వీటిల్లో వైకల్యం దాచలేదు, దాన్ని చూపి కన్నీళ్ళూ అడగలేదు. మన కేతిగాడికి నల్ల కళ్ళద్దాలు పెట్టి తెల్లకర్ర చేతికిస్తామని ఎవరైనా అంటే, ముందు బంగారక్కను అడగమనండి.

నాలుగో పాదం

సోమవారము = పద్యం అందిన శుక్రవారం తర్వాత మూడోనాడు; ఇస్తె = ఇచ్చినట్లయితే; సొమ్ములు = డబ్బు (నగలనే అర్థం కూడా ఉంది గానీ ఆశ పెట్టుకోరాదు); ఇత్తు = ఇచ్చెదను.

జరగబోయేదాన్ని కళ్ళెదుటే జరుగుతున్నట్టు చెప్పడం భావికాలంకారమని శాస్త్రం. అనుభవజ్ఞులైన డిజైనర్లు దీన్ని అతిశయోక్తి అంటారు. రెండు మతాలూ ఉన్నాయి, వ్యాఖ్యాత జోక్యం చేసుకోడు.

తాత్పర్యము

అయ్యా ఆసామీ, మీ పద్యం బాగుంది. బొమ్మ కంటే ముందు బొమ్మ గురించి నాలుగు వాక్యాలు రాయించండి. అది ఒక సాయంత్రం పని. ఫాదర్ ఫెర్రర్ 1969లో మన ఊళ్ళో పెట్టిన ఆర్‌డీటీ అనే సేవాసంస్థ చూపులేని పిల్లలకూ వినపడని పిల్లలకూ బడులు నడుపుతూ వచ్చింది. ఆ బడుల్లో చదివి బయటికొచ్చి డిగ్రీలు చేసినవాళ్ళు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు మన ఊళ్ళోనే ఉంటారు. వాళ్ళలో చూపులేని ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి ఆ నాలుగు వాక్యాలూ చదివి వినిపించండి. వినపడనివాళ్ళకైతే కేతిగాడి చేతి సైగ ఎట్లా ఉండాలో ఎదురుగా కూర్చుని అడగండి. నవ్వారా, గీయించండి. "ఇంకోసారి చెప్పన్నా" అన్నారా, తిరిగి రాయించండి. సోమవారానికి కాకపోతే గురువారానికి అవుతుంది, కొంప మునగదు.

ఒక్కటి మాత్రం మరవద్దు. విని చెప్పినవాళ్ళు చేసింది కూడా పనే. మీరిస్తానన్న సొమ్ములో వాళ్ళ వాటా ముందు తీసిపెట్టి, మిగిలింది డిజైనరుకు ఇవ్వండి. చాలదంటే మూడో పాదంలో "ఖర్చు తక్కువగుచు" అన్నది కొట్టేయండి. ఆ చోట ఇంకో ఆటవెలది పాదం కట్టి ఇచ్చే పూచీ వ్యాఖ్యాతది.